శ్రీనివాసుని ఋణపత్రము - గృహస్థుని అర్థశౌచము

తిరుమల శ్రీవారి ఆలయమున ప్రతిదినము సుప్రభాతము, తోమాలసేవ జరిగిన పిమ్మట స్నపనమండపమున ‘కొలువు’ జరుగును. కొలువు శ్రీనివాసమూర్తిని వేంచేపు చేసి రాజమర్యాదలతో ఆస్థానము నిర్వహింతురు. ఆ కొలువులో నాటి తిథి వార నక్షత్రాదులను పంచాంగమునుండి స్వామికి విన్నవింతురు. ముందటి దినమున హుండీ మొదలగు మార్గముల వచ్చిన ఆదాయమెంతయో లెక్క చదివి వినిపింతురు. లక్ష్మీదేవిని వక్షఃస్థలమున ధరించినవానికి నిన్నటి రాబడి తెలియకపోవునా? తెలియును. అయినను లెక్క వినిపింపవలసినదే. స్వామి ఆలకింపవలసినదే. అది ఆలయమర్యాద.

ఈ మర్యాదయందు గృహస్థులకు, అందునను చదువు ముగించి తొలి జీతము చేతికందుకొన్న యువతీయువకులకు గొప్ప ఉపదేశము కలదు. జగన్నాథుడే దినదినము లెక్క ఆలకించుచుండగా, మాసాంతమున తన జీతమేమైనదో చెప్పలేని మానవుని స్థితి ఎట్టిది? ధనమును గూర్చి మాటలాడుట భక్తునకు తగదని కొందరి అభిప్రాయము. అది సరికాదు. ధర్మార్థకామమోక్షములను నాలుగు పురుషార్థములలో అర్థమునకు రెండవ స్థానము కలదు. తైత్తిరీయోపనిషత్తున శీక్షావల్లియందు, విద్య ముగించి ఇంటికి మరలుచున్న శిష్యునకు ఆచార్యుడు సత్యమును ధర్మమును ఏమరవలదని బోధించుచు, ఆ వరుసలోనే క్షేమమును సంపదను సైతము ఏమరవలదని హెచ్చరించెను. శౌచములన్నింటిలో ధనవిషయమైన శౌచమే ఉత్తమమని మనువు అభిప్రాయము. స్నానముచే దేహము శుద్ధమగును. లెక్కచే ధనము శుద్ధమగును. ఈ రెండవ స్నానమును విడిచినవారే నేడు అధికముగా కనబడుచున్నారు.

‘స్వామికే అప్పు తప్పలేదు’

శక్తికి మించి ఋణము చేయువారు తరచుగా పలుకుమాట ఒకటి కలదు. “స్వామికే అప్పు తప్పలేదు, మనమెంత?” అందురు. పద్మావతీ పరిణయమునకై శ్రీనివాసుడు కుబేరునివద్ద ధనము గైకొన్న వృత్తాంతము తెలుగునాట పసిపిల్లలు సైతము ఎరిగినదే. ఆయనను వడ్డికాసులవాడని పిలుచుకొనుటయు అందరికి తెలిసినదే. కాని ఈ మాట పలుకువారు కథను సగమే చెప్పుచున్నారు. స్వామి అప్పు చేసెనని చెప్పుదురు. ఎట్లు చేసెనో చెప్పరు.

భవిష్యోత్తర పురాణమునందలి వేంకటాచల మాహాత్మ్యమున ఆ ఋణపత్రపు వివరము స్పష్టముగా ఉన్నది. పుచ్చుకొన్నవాడు శ్రీనివాసుడు. ఇచ్చినవాడు ధనేశ్వరుడు. ప్రయోజనము కల్యాణము. కాలము విలంబి సంవత్సర వైశాఖ శుక్ల సప్తమి. ద్రవ్యము రామముద్రగల నిష్కములు 14 లక్షలు. అసలును వడ్డీతోకూడ తీర్పవలెను. గడువు వివాహవత్సరము మొదలుకొని వేయి సంవత్సరములు. సాక్షులు మువ్వురు: చతుర్ముఖుడు, త్రిలోచనుడు, అశ్వత్థవృక్షము.

పాఠకులు ఈ పత్రమును నిదానముగా పరిశీలింపవలెను. ఎవరు, ఎవరివద్ద, ఎందులకు, ఎన్నడు, ఎంత, ఏ వడ్డీకి, ఎంత గడువునకు, ఎవరియెదుట అను ఎనిమిది ప్రశ్నలకును ఇందు సమాధానము కలదు. సత్యసంకల్పుడైన భగవానుని నోటిమాట చాలదా? చాలును. అయినను ఆయన పత్రము వ్రాసి ఇచ్చెను, సాక్షులను పిలిచెను. లోకమునకు మార్గము చూపుటకే ఆ లీల. కావున స్వామి అప్పు చేసినాడను మాటను ఆధారముగా గొనువారు, ఆయన వ్రాసిన పత్రమునుగూడ ఆధారముగా గొనవలెను. ఎనిమిది ప్రశ్నలలో ఒక్కదానికి సమాధానము లేకున్నను ఆ అప్పునకు స్వామి పేరు చెప్పుకొను అర్హత లేదు.

ఇంకొకమాట. వరకట్నము ఇచ్చుటయు పుచ్చుకొనుటయు 1961 సంవత్సరపు చట్టముచే నిషిద్ధములు. ఆ ఋణపత్రమున ‘కల్యాణార్థము’ అని ఉన్నదే కాని కట్నమను మాట లేదు. కట్నమునకై ఇల్లు తాకట్టుపెట్టువారు కుబేరుని కథను ఉదాహరించుట స్వామికి అపచారము.

ఒక దృష్టాంతము

ఇది ఏ ఒక్కరి కథయు కాదు. నేడు అనేక గృహములలో జరుగుచున్నదే. ఒక యువకునకు పట్టణమున ఉద్యోగము దొరికినది. మాసమునకు జీతము 25,000 రూపాయలు. తొలి మాసముననే 30,000 రూపాయల ఫోనును కంతులపై కొనెను. మిత్రుల వివాహములకు కానుకలు, విహారయాత్ర, వస్త్రములు అన్నియు క్రెడిట్ కార్డుపై జరిగినవి. అవి 40,000 రూపాయలైనవి. కార్డు బాకీ కట్టుటకు చేత రొక్కము లేక, ఫోనులోని ఒక యాపునుండి 10,000 రూపాయలు తెచ్చెను. సంవత్సరము తిరుగకమునుపే 80,000 రూపాయల ఋణము. ఇంట ఎవ్వరికి తెలియదు. రాత్రులు నిదుర లేదు. ఫోను మ్రోగినచో గుండె అదరును.

పండుగకు ఇంటికి వచ్చిన ఆ యువకుడు తాతగారితో, “తాతగారూ, తిరుమలకు పోవలెననుకొనుచున్నాను. స్వామి హుండీలో పదివేలు వేయుదునని మ్రొక్కుకొన్నాను” అనెను. వృద్ధుడు మనుమని ముఖమును కొంతసేపు చూచి, “మంచిదే నాయనా. ఆ పదివేలు ఎవరివి?” అని అడిగెను. యువకునకు మాట రాలేదు. ఆ పదివేలును మరియొక యాపునుండి తేదలచియుండెను. కన్నీటితో సర్వమును చెప్పెను.

తాతగారు కోపింపలేదు. స్వామి ఋణపత్రమునందలి ఎనిమిది ప్రశ్నలను వరుసగా అడిగిరి. ఎంత తెచ్చితివో చెప్పగలిగెను. ఏ వడ్డీకో చెప్పలేకపోయెను. గడువెంతయో తెలియదు. సాక్షి ఎవ్వరును లేరు. ఇచ్చినవాడెవడో సైతము తెలియదు. యాపు పేరు మాత్రము తెలియును. పేరు తెలియనివానికి ఆ బాలుడు మాట ఇచ్చియున్నాడు.

ఇచ్చటనే విషయపు మర్మమున్నది. ఋణమనగా ధనము పుచ్చుకొనుట మాత్రమే కాదు. మాట ఇచ్చుట. ధనము వచ్చిన దినముననే వ్యయమైపోవును. మాట మిగిలియుండును.

బలి వినిన మాట, వినని మాట

ఇచ్చిన మాటను గూర్చి భాగవతమున అష్టమస్కంధము బోధించినంత చక్కగా బోధించు కథ మరియొకటి లేదు. వామనమూర్తి మూడడుగుల నేల యాచింపగా బలిచక్రవర్తి సంతోషముతో ఇత్తుననెను. వచ్చినవాడు శ్రీమహావిష్ణువని గ్రహించి శుక్రాచార్యుడు అడ్డుపడెను. ఆ సందర్భమున ఆయన ఒక అర్థసూత్రమును చెప్పెను. తన ధనమును ధర్మమునకు, యశస్సునకు, అర్థమునకు, కామమునకు, స్వజనమునకు అని అయిదు విధములుగా విభజించుకొనువాడు ఇహమునందును పరమునందును సుఖించునని దాని సారము.

శుక్రుని ఈ మాట చెడ్డదా? కాదు. గృహస్థునకు ఇంతకంటె ఉపయుక్తమైన సలహా అరుదు. దోషము మాటయందు లేదు, సమయమునందున్నది. దానము ఇత్తునని పలికిన పిమ్మట విభాగము లెక్కపెట్టు సమయము కాదు. అందువలననే బలి గురువచనమును కాదని, సర్వము పోయినను అసత్యమాడనని నిలిచెను. మూడవ అడుగునకు తన శిరస్సునే చూపెను. భగవానుడు అతని సత్యమునకు మెచ్చి సుతలమున అతని ద్వారమును కాచువాడయ్యెను.

కావున ఒకే కథయందు రెండు పాఠములున్నవి. మాట ఇచ్చుటకు ముందు శుక్రుడు గురువు. మాట ఇచ్చిన పిదప బలి గురువు. నేటి యువకులలో పెక్కుమంది ఈ క్రమమును తారుమారు చేయుచున్నారు. ఋణము తీసికొనునప్పుడు బలివలె ఉదారముగా ఒప్పుకొనుచున్నారు. తీర్పవలసినప్పుడు శుక్రునివలె తప్పించుకొను ఉపాయములు వెదకుచున్నారు.

జీతమునకు అయిదు భాగములు

శుక్రుని విభాగమును నేటి జీతమునకు అన్వయించి చూడవచ్చును. అయిదు భాగములును సమానములై యుండవలెనని అనుకొననక్కరలేదు. 25,000 రూపాయలు తెచ్చువాడు స్వజనమునకు, అనగా ఇంటి అద్దె, ఆహారము, తల్లిదండ్రుల పోషణకు 14,000 ఉంచుకొనవచ్చును. అర్థమునకు, అనగా ధనవృద్ధికి 5,000. కామమునకు, అనగా తన వేడుకలకు 3,000. యశస్సునకు 2,000, యువకునకు యశస్సనగా విద్య, వృత్తినైపుణ్యము, అవసరమైన గ్రంథములు, పనిముట్లు. ధర్మమునకు 1,000. ఇది ఉదాహరణమే. ఎవరి అంకెలు వారివి. అంకె మారవచ్చును కాని అయిదింటిలో ఏదియు సున్న కారాదు. ముఖ్యమైనదేమనగా, విభాగము జీతము వచ్చిన దినముననే జరుగవలెను. వ్యయము చేసిన పిదప మిగిలినది దాచుదమనుకొనువానికి ఏదియు మిగులదు.

పూర్వము కొంగుముడి విప్పి నాణెము తీసి ఇచ్చునప్పుడు పోవుచున్న ధనము చేతికి తెలియుచుండెను. 2016వ సంవత్సరము నుండి ఫోను ద్వారా క్షణములో చెల్లించు పద్ధతి వ్యాపించినది. అది మిక్కిలి సౌకర్యము. కాని చేతికి బరువు తెలియదు. చేతికి తెలియనిది పుస్తకమునకైనను తెలియవలెను. అందులకే ప్రతి వ్యయమును నాటిరాత్రియే వ్రాసికొనుట నేడు పూర్వముకంటె అధికావశ్యకము.

వడ్డీ యొక్క స్వరూపము

మన పూర్వులు వడ్డీని నిందింపలేదు, హద్దులలో ఉంచిరి. కౌటిల్యుని అర్థశాస్త్రమున నూరు పణములకు మాసమునకు ఒకటింబావు పణము ధర్మ్యమైన వడ్డీ. వ్యాపారులకు అయిదు, అరణ్యమార్గమున పోవువారికి పది, సముద్రయానము చేయువారికి ఇరువది పణములు. అపాయము పెరిగినకొలది వడ్డీ పెరిగినది. ఒకేసారి వసూలుచేయు వడ్డీ అసలును మించరాదని మనుస్మృతి శాసించినది. ఇచ్చువానికి ధర్మమున్నట్లే పుచ్చుకొనువానికి రక్షణము కలదు.

ధర్మ్యమైన ఆ వడ్డీ సంవత్సరమునకు నూటికి 15 అగుచున్నది. నేడు పల్లెలలో ‘నూటికి రెండు రూపాయలు’ అనునది సంవత్సరమునకు 24. మాసమునకు నూటికి మూడు రూపాయల చొప్పున కార్డుబాకీపై వడ్డీ పడినచో, 10,000 రూపాయలు చెల్లింపకుండ విడిచినవానికి సంవత్సరాంతమున 14,258 రూపాయలు, రెండు సంవత్సరములకు 20,328 రూపాయలు అగును. అరణ్యమునకు పోలేదు, సముద్రము దాటలేదు. అంగడికి పోయి వస్త్రములు కొన్నందులకు ఈ వడ్డీ! కార్డుపత్రమున ‘కనీస చెల్లింపు’ అని ఒక చిన్న అంకె ఉండును. దానిని కట్టినచో పేరు చెడదు కాని బాకీ తరుగదు. కార్డును వాడువాడు గడువులోపల పూర్తి మొత్తమును చెల్లింపగలిగినంతయే వాడవలెను. అట్లు వాడినవానికి అది సేవకుడు. మిగిలినవానికి యజమాని.

యాపుల ద్వారా ఋణములిచ్చుటకు భారతీయ రిజర్వు బ్యాంకు 2022లో నియమములు విధించినది. ఋణధనము నేరుగా పుచ్చుకొనువాని బ్యాంకు ఖాతాకే రావలెను. రుసుములన్నియు కలిసి సంవత్సరమునకు ఎంత భారమో ముందే పత్రముగా ఇయ్యవలెను. పుచ్చుకొనువాడు మనసు మార్చుకొన్నచో నియమితకాలములోపల అసలును, ఆ కొలది దినముల వడ్డీని చెల్లించి విరమించుకొను అవకాశముండవలెను. బంధుమిత్రుల ఫోను సంఖ్యలను యాపు త్రవ్వి తీసికొనరాదు. ఈ నియమములకు లోబడని యాపు తలుపును తట్టనే రాదు. స్వామి పత్రమునందలి ఎనిమిది ప్రశ్నలే ఇచ్చట రక్ష.

విదేశములకు చదువునకై పోవు తెలుగుబిడ్డలు నేడు అసంఖ్యాకులు. వారిలో ఇంటిని పూచీగా ఉంచి విద్యాఋణము పొందువారు ఎందరో కలరు. విద్యార్జనకై చేయు ఋణము నింద్యము కాదు. అది యశోభాగము. కాని చదువుకాలమున కంతులు లేకున్నను వడ్డీ ఊరకుండదని, చదువు ముగియునాటికి బాకీ పెరిగియుండునని బిడ్డయు తల్లిదండ్రులును కలిసి కూర్చుండి ముందే లెక్క చూచుకొనవలెను.

సంతకము, చీటీ, జూదము

మిత్రుని ఋణమునకు పూచీగా సంతకము చేయుట తేలికగా కనబడును. 1872 సంవత్సరపు భారత కాంట్రాక్టు చట్టము ప్రకారము, ప్రత్యేకముగా వేరువిధమున వ్రాసికొననిచో, పూచీపడినవాని బాధ్యత అప్పు చేసినవాని బాధ్యతతో సమానము. అనగా మిత్రుడు కట్టనినాడు తాను కట్టవలసినదే. ఆ మొత్తమును తాను తీర్పగలవాడు మాత్రమే సంతకము చేయవలెను. తీర్పలేనివాడు “నావలన కాదు” అని మర్యాదగా చెప్పుటయే స్నేహధర్మము.

ప్రామిసరీ నోటునకు మూడు సంవత్సరముల కాలపరిమితి కలదు. మధ్య కొంత చెల్లించి నోటు వెనుక చెల్లు వ్రాసినచో గడువు మరల ఆరంభమగును. కాలదోషము పట్టినదని న్యాయస్థానమున తప్పించుకొనవచ్చును. కాని వేయి సంవత్సరముల గడువునకు ఒప్పుకొన్న స్వామి సన్నిధిలో కాలదోషపు వాదమును ఏ ముఖముతో వినిపింతుము?

చీటీలు తెలుగువారి ఇండ్లకు చిరపరిచితములు. 1982 సంవత్సరపు చీటీల చట్టము ప్రకారము అనుమతి, నమోదు గల చీటీయందే చేరవలెను. ఇరువురను చేర్పించినచో ధనము, వారు మరి నలువురను చేర్పించినచో ఇంకను ధనము అని ఆశచూపు గొలుసుకట్టు పథకములు 1978 సంవత్సరపు చట్టముచే నిషిద్ధములు. కడపటి వరుసవాని కన్నీరు ఎవరి లాభమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఫోనులో పందెములాడి మాసజీతమును పోగొట్టుకొనువారు నేడు కలరు. ధనము ఒడ్డి ఆడు ఇట్టి ఆటలను నిషేధించుచు పార్లమెంటు 2025లో చట్టము చేసినది. చట్టమునకు ముందే మహాభారతమున సభాపర్వము ఉన్నది. ధర్మరాజంతటివాడు రాజ్యమును, తమ్ములను, తన్ను, తుదకు ద్రౌపదిని ఒడ్డెను. తన్ను తాను ఓడిన పిదప ఇతరులను ఒడ్డు అధికారమెక్కడిదను ప్రశ్న ఆ సభలో ద్రౌపది వలన పుట్టినది. పోయినది రాబట్టుకొందునని తండ్రి పింఛనును, తల్లి నగను పందెమున పెట్టువాడు ఆ ప్రశ్నకు నేటికిని సమాధానము చెప్పవలసియున్నది.

మోసగాండ్రను గూర్చి ఒక్కమాట. ధనము పుచ్చుకొనుటకు ఫోనులోని రహస్యసంఖ్య నొక్కనక్కరలేదు. ఇచ్చుటకే నొక్కవలెను. ఇది గుర్తుంచుకొన్నచో అనేక మోసములు తప్పును. మోసము జరిగిన వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. సిగ్గుపడి ఆలస్యము చేయుటయే మోసగానికి లాభము.

కాలమే మూలధనము

వడ్డీ శత్రువైనప్పుడు ఎంత ఘోరమో, మిత్రమైనప్పుడు అంత ఉపకారి. మాసమునకు 1,000 రూపాయల చొప్పున, సంవత్సరమునకు నూటికి 7 రూపాయల వడ్డీ మాసమాసము అసలులో చేరునట్లు, 30 సంవత్సరములు దాచినచో సుమారు 12 లక్షల 20 వేల రూపాయలగును. కట్టినది 3 లక్షల 60 వేలు మాత్రమే. అదేపనిని పదిసంవత్సరములు ఆలస్యముగా ఆరంభించి 20 సంవత్సరములు చేసినచో సుమారు 5 లక్షల 21 వేలు వచ్చును. తక్కువ కట్టినది 1 లక్ష 20 వేలు. తక్కువ వచ్చినది సుమారు 7 లక్షలు. యువకుని వద్ద ధనికుని వద్ద లేని మూలధనము ఒకటి కలదు. అది కాలము.

అర్థభాగమునకు ఒక క్రమముండవలెను. మొదట అధికవడ్డీ ఋణములను తీర్చుకొనవలెను. సంవత్సరమునకు నూటికి 36 రూపాయల వడ్డీగల బాకీని తీర్చుటకంటె నిశ్చితమైన లాభము ఏ నిలువధనమును ఇయ్యదు. పిమ్మట మూడు నుండి ఆరు మాసముల గృహవ్యయమునకు సరిపడు ఆపద్ధనము. తరువాత తనపై ఆధారపడినవారికై బీమా. ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమాయందు 18 నుండి 50 సంవత్సరముల వయసువారు చేరవచ్చును. 2022 జూన్ నుండి దానికి సంవత్సరమునకు 436 రూపాయలు. చేరినవారు మరణించినచో కుటుంబమునకు 2 లక్షల రూపాయలు అందును. అటుపిమ్మట దీర్ఘకాలపు పొదుపు. 1968లో ఏర్పడిన ప్రజా భవిష్యనిధి పదునైదు సంవత్సరముల దీక్షవంటిది. ఒక్కొక్క బ్యాంకునందు ఒక్కొక్క ఖాతాదారుని 5 లక్షల రూపాయల వరకు గల నిలువకు 2020 నుండి బీమారక్షణ కలదు. అంతకు మించినదానిని ఒకేచోట ఉంచకుండుట వివేకము. ఎక్కువ లాభము, ఏ అపాయము లేదు అని రెండు మాటలను ఒకేసారి పలుకువానిని నమ్మరాదు. కౌటిల్యుని వడ్డీలవరుసయే ఇందులకు సాక్ష్యము.

స్వామికి సమర్పించునది ఎవరిది?

తాతగారి ప్రశ్నకు మరల వత్తము. ఆ పదివేలు ఎవరివి? కుటుంబపోషణకు విరోధము కలుగనట్టి తన సొత్తునే దానము చేయవలెనని యాజ్ఞవల్క్యుడు నియమించెను. తనవారు దుఃఖించుచుండగా పరులకిచ్చువాని దానము ధర్మమువలె కనబడునే కాని ధర్మము కాదని, ముందు తేనెవలెనుండి పిదప విషమగునని మనువు హెచ్చరించెను. పత్రపుష్పఫలతోయములలో ఏదియైనను భక్తితో సమర్పించినచో చాలునని గీతాచార్యుడే సెలవిచ్చి యుండగా, అప్పు తెచ్చి హుండీ నింపుమని ఏ భగవంతుడు కోరును? మ్రొక్కును మాటయే. కావున మ్రొక్కుటకు ముందును శుక్రుని లెక్క కావలెను. మ్రొక్కిన పిదప బలి నిష్ఠ కావలెను.

యువకుడు, “మరి నా మ్రొక్కు తాతగారూ?” అని భయముతో అడిగెను. “తీర్తువు నాయనా. ఋణము తీరిన పిదప నీ ధర్మభాగమునుండి కొద్దికొద్దిగా తీర్తువు. స్వామి వేయి సంవత్సరముల గడువు అడిగినవాడు. గడువు విలువ ఆయనకు తెలియును” అని వృద్ధుడు చెప్పెను.

ఆ రాత్రి దేవునిగది ముందు ఇంటిల్లిపాది కూర్చుండిరి. బాలుడు తన బాకీలన్నింటిని చదివి వినిపించెను. తల్లి కంట నీరు పెట్టుకొనెను. తండ్రి చాలసేపు మౌనముగా ఉండెను. కాని దాచినది బయటపడినంతనే భారము సగమైనది. 80,000 రూపాయలకు మాసమునకు నూటికి మూడు చొప్పున వడ్డీయే 2,400. అంతమాత్రమే కట్టుచున్నచో ఆయువంతయు కట్టినను అసలు తరుగదు. మాసమునకు 8,000 కట్టినచో ఇంచుమించు పండ్రెండు మాసములలో తీరును. కామభాగమునుండి 2,000, యశోభాగమునుండి 1,000 తగ్గించి అర్థభాగమున చేర్పగా 5,000 కాస్త 8,000 అయినది. కార్డును తాతగారి పెట్టెలో ఉంచిరి. ప్రతి మాసము మొదటి ఆదివారమున ఇంట లెక్క చదువవలెనని నియమము పెట్టుకొనిరి. ఆ నియమమునకు వారు పెట్టుకొన్న పేరు ‘ఇంటి కొలువు’.

ఈ ఇంటి కొలువు ప్రతి గృహమునను జరుగవలసినది. కుమారుడు మాత్రమే కాదు, తండ్రియు తన ఋణములను చదువవలెను. తల్లి తాను దాచినది చెప్పవలెను. ఎదిగిన కుమార్తె లెక్కపుస్తకము వ్రాయవలెను. తల్లిదండ్రుల బాకీలు తెలియని బిడ్డలు కోరికలు తగ్గించుకొనలేరు. బిడ్డల బాకీలు తెలియని తల్లిదండ్రులు వారిని కాపాడలేరు. ఋణబాధకు ప్రాణములు తీసికొనినవారి వార్తలు వినుచున్నాము. వారిలో ఒక్కరైనను ఇంట నోరు విప్పియున్నచో బ్రదికియుండెడివారేమో! బాకీ ఎంత పెద్దదైనను ప్రాణముకంటె పెద్దది కాదు. దానిని తీర్చుటకు కాలమున్నది.

అరణ్యపర్వమున యక్షుడు సుఖియెవడని అడుగగా, ఋణము లేక, తన ఇంట ఉండి, ప్రొద్దుగ్రుంకువేళకైనను ఇంత కూర వండుకొని తినువాడు సుఖియని ధర్మరాజు ప్రత్యుత్తరమిచ్చెను. జూదమున సర్వమును కోల్పోయి అడవిపాలైనవాడు చెప్పిన మాట యిది. అనుభవమునుండి పుట్టిన మాటకు విలువ ఎక్కువ.

పండ్రెండు మాసములు గడచిన పిమ్మట ఆ యువకుడు తాతగారితో తిరుమల చేరెను. కడపటి కంతు చెల్లిన పత్రము జేబులో ఉన్నది. దర్శనానంతరము హుండీ యెదుట నిలిచి ఆ మాసపు ధర్మభాగమైన 1,000 రూపాయలను ముడుపువిప్పి వేసెను. మ్రొక్కులో ఇంక మిగిలినది 9,000. కాని వేసిన ఆ వేయి రూపాయలు అతనివి.

వడ్డికాసులవాడైన శ్రీనివాసుడు తన బిడ్డలనందరిని ఋణబాధనుండి కాపాడి, లెక్క తప్పని చేతిని, మాట తప్పని నాలుకను వారికి అనుగ్రహించుగాక! ప్రతి గృహమునను ఇంటి కొలువు నిత్యకల్యాణమై వర్ధిల్లుగాక!